మధ్యాహ్నం ఒంటిగంట వంతు

మా ఊరి ఏకాహంలో అందరూ తప్పించుకోవాలని చూసే వంతు ఒకటుంది. అది అర్ధరాత్రిది కాదు. ఆ వేళకి కుర్రాళ్ళు పోటీపడి వస్తారు, వాళ్ళకి టీ ఉంటుంది, చలిమంట ఉంటుంది. తెల్లవారుజాముదీ కాదు, అప్పుడు గొంతు దానంతటదే పలుకుతుంది. అందరికీ భయం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఉండే వంతంటేనే. గుమ్మడికాయ పులుసు, బెల్లం పరమాన్నం తిని ఊరంతా ఒరిగే వేళ అది. వినేవాడు ఒక్కడూ ఉండడు, పాడేవాడికి కళ్ళు మూతలు పడుతుంటాయి.

మాఘమాసంలో రెండో శనివారం సూర్యోదయానికి రామమందిరంలో దీపం వెలిగించి నామం ఎత్తుతాం. మర్నాడు సూర్యోదయానికి దింపుతాం. మధ్యలో నామం ఒక్క క్షణం కూడా ఆగకూడదు. చుట్టుపక్కల ఊళ్ళ భజన బృందాలు రెండేసి గంటలు వంతులు వేసుకుని పాడతాయి. ఒక బృందం లేవాలంటే ముందు రెండో బృందం వచ్చి పక్కన కూర్చుని గొంతు కలపాలి. కలిశాకే మొదటివాళ్ళు తాళాలు కింద పెట్టాలి. ఎక్కడైనా ఆగిందా, అప్పటిదాకా పాడిందంతా పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి ఎత్తాలి. ఇది మా నాన్నగారు పెట్టిన నియమం. ఆయన పోయే ముందు తాళాలు నా చేతిలో పెట్టారు. ఆడదాని చేతికి ఇచ్చారని కొందరు మూతి విరిచారు. కానీ చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని పారాయణం చేసింది నేనొక్కదాన్నే. మేనరికం కాబట్టి పెళ్ళయినా ఊరు దాటలేదు. ఆయన చేతిలో ఎన్నడూ ఆగని నామం నా చేతిలో ఆగకూడదు. ప్రతి మాఘానికీ నాకుండే భయం అదొక్కటే.

ఈ భయానికీ, మా ఊరి నుంచి పార్లమెంటుకి వెళ్ళిన మనిషికీ సంబంధం ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె నాకు మరదలు. మా పినతండ్రి కొడుకు భార్య. కోటవురట్ల వైపు నుంచి కోడలిగా వచ్చింది. వచ్చిన రెండేళ్ళ దాకా ఆమె గొంతు ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు. చెరకు కొట్టడానికి వెళ్ళేది, వచ్చేది. పలకరిస్తే నవ్వేది. ఆడవాళ్ళం మేమూ ఒక బృందం కట్టుకుని ఏకాహంలో వంతు కావాలని అడిగిన ఏడు, పెద్దలు ఆ ఒంటిగంట వంతు మాకిచ్చి మీసాల్లో నవ్వుకున్నారు. వరసకి మామయ్య అయ్యే పెద్దాయన అరుగు మీంచి, "ఎంగిలాకులు తీసి ఎలాగూ మెలకువగానే ఉంటారు కదమ్మా, మీకదే బాగుంటాది" అన్నాడు.

ఆ మొదటి ఏడు సగం వంతు అయ్యేసరికి మాలో ముగ్గురు కునుకుతున్నారు. నా గొంతు బొంగురుపోయి మాట గాలిగా వస్తోంది. ఇంక ఆగిపోతుందనుకునేసరికి, వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది. తీయని గొంతేమీ కాదు. నూనె వేయని గానుగలా కరకరలాడే గొంతు. అయినా నిద్రపోతున్నవాళ్ళందరూ ఉలిక్కిపడి లేచారు. నా మరదలు మూడు గంటల దాకా ఒకే పట్టున నామం మోసింది. అయ్యాక నేను ఆమె చెయ్యి పట్టుకుని, "ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచేవే పిల్లా" అన్నాను.

"ఎవులూ అడగనేదు వదినా" అంది.

ఆ పై ఏడు పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు రిజర్వేషన్లో ఆడవాళ్ళకి వచ్చింది. ఎవరిని నిలబెట్టాలని పెద్దలు నాలుగిళ్ళు తిరిగారు. ఎవరి భార్యని అడిగినా భర్తే జవాబు చెప్పి పంపేస్తున్నాడు. ఆఖరికి ఆ మామయ్యే అన్నాడు: "ఒకే మాట రెండు గంటలు ఆపకండా అనగలదు. ఆఫీసుల్లో పని అవ్వాలంటే అంతకన్నా ఏటి కావాలి?" ఎగతాళికే అన్నాడు. ఊరు మాత్రం దాన్ని నిజమనే తీసుకుంది.

వార్డు మెంబరు అయింది. తర్వాత సర్పంచి అయింది. సర్పంచిగా మొదటి గ్రామసభ నాడు, ఊళ్ళ అలవాటు ప్రకారం ఆమె భర్త, అదే మా తమ్ముడు, వెళ్ళి నడిమి కుర్చీలో కూర్చున్నాడు. తప్పు చేస్తున్నానని కూడా అతనికి తోచలేదు. ఆమె పక్కన నిలబడి కాసేపు చూసి, "ఏవండీ, ఇది నా వంతు" అంది. అతను నాలుక కరుచుకుని లేచాడు. సభంతా నవ్వింది, అతనూ నవ్వాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆ కుర్చీ వైపు వెళ్ళలేదు. మనసు మంచివాడు మా తమ్ముడు.

చీడికాడ రోడ్డులో కాలవ మీద కల్వర్టు కూలిపోయి చెరకు ట్రాక్టర్లు చుట్టూ తిరిగి వెళ్ళేవి. దానికోసం ఆమె ఇంజనీరుగారి ఆఫీసుకి రోజు విడిచి రోజు వెళ్ళింది. గొడవ పెట్టలేదు, ధర్నా చెయ్యలేదు. గుమ్మంలో నిలబడి, "కల్వర్టు గురించి వచ్చేనండి" అనేది. అదే మాట, అదే గొంతు. ఒకసారి నేనూ తోడు వెళ్ళాను. ఇంజనీరుగారు ఆమెని చూడగానే పెన్ను కింద పెట్టి, "అమ్మా, మీరు రాని రోజున కూడా ఆ మాట నా చెవిలో మోగుతోంది. వచ్చే వారం పని మొదలెడతాం, ఇంక నన్ను వదిలేయండి" అన్నారు. తిరిగి వస్తూ బస్సులో నాతో అంది, "నీ బజనే వదినా. ఆపకపోతే సాలు."

ఆమె ఎదుగుదల నాకు ఆనందమే, కానీ అందులో నాకు నచ్చనివి ఉండకపోలేదు. జిల్లా పరిషత్తుకి గెలిచిన ఏడు మందిరం గోడకి ఆమె బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నేనే నిచ్చెన వేసుకుని విప్పేశాను. ఆమె పార్టీకి ప్రతిసారీ ఓటు వేశానని కూడా చెప్పను. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఒక్కసారి కూడా అడగలేదు. అసెంబ్లీకి నిలబడి ఓడిపోయిన ఏడు ఇంటి ముందు ఒక్క చెప్పుల జత కూడా లేదు. ఆ మాఘంలో పన్నెండున్నర బస్సు దిగి, తలకి కొంగు చుట్టుకుని ఎండలో ఒక్కర్తీ నడిచి వచ్చింది. వచ్చి తన చోట కూర్చుంది. గెలిచినా ఓడినా ఆ వంతు తప్పలేదు. ఓ ఏడు సభలో ఆలస్యమై సగంలో వచ్చి, మూడు దాటాక కూడా తరవాతి బృందంతో కలిసి కూర్చుని తన సగం పూర్తి చేసుకుని వెళ్ళింది.

నాన్నగారు పురాణం చెప్పేటప్పుడు పట్టాభిషేకం ఘట్టం తొందరగా దాటేసేవారు. సింహాసనం మీద అన్నగారి పాదుకలు పెట్టి, తాను కింద కూర్చుని రాజ్యం చూసుకున్న తమ్ముడి దగ్గర మాత్రం ఎంతసేపైనా ఆగేవారు. "అది ఏలడం కాదమ్మా, అప్పగించేదాకా మొయ్యడం" అనేవారు. నా మరదలు ఒక్కో మెట్టు ఎక్కుతుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చేది. ఆమె కోసం దీపం దగ్గర నేను కోరుకున్నది గెలుపు కాదు. ఈ మాట ఆమెకి ఎక్కడో తగులుతూ ఉండాలని కోరుకున్నాను.

పోయిన వేసవిలో ఆమె ఎంపీగా గెలిచింది. మాఘం దగ్గరపడుతుంటే నాలో భయం పెరిగింది. బస్సు దిగి వచ్చే మనిషి కాదు ఇప్పుడు. వెంట బళ్ళు, జనం, జేజేలు. నామం మధ్యలోకి ఆ గోలంతా వస్తే ఏమవుతుంది? ఫోను చేసి, "ఈ ఏడు నీ వంతు ఇంకెవరికైనా ఇచ్చెయ్యనా?" అని అడిగాను.

"నానేటి తప్పు సేసేను వదినా?" అంది.

రమ్మన్నాను. సోమవారం ఢిల్లీలో సభ మొదలవుతుందనీ, శనివారం మధ్యాహ్నం వంతు చేసుకుని, నాలుగు గంటలకి అనకాపల్లి టౌన్‌లో సన్మానం చూసుకుని, రాత్రికి విశాఖలో విమానం ఎక్కుతాననీ చెప్పింది.

శనివారం సూర్యోదయానికి నామం ఎత్తాం. పొద్దున్నంతా చక్కగా నడిచింది. ఒంటిగంటకి గొలుగొండ నుంచి వచ్చిన మగవాళ్ళ బృందం లేచింది, మేం ఆడవాళ్ళం పదిమందిమి అందుకున్నాం. ఆమె ఇంకా రాలేదు. వాళ్ళు భోజనాలకి వెళ్ళిపోయారు. మందిరంలో మేమూ, హార్మోనియం వాయించే ముసలాయనా మిగిలాం.

పావుగంట అయ్యేసరికి వీధి మొదట్లో హారన్లు వినిపించాయి. తర్వాత టపాకాయలు, జేజేలు. నేను గొంతు పెంచాను. అందరం పెంచాం. జనం మందిరం ముందుకి వచ్చేశారు. వాళ్ళ మధ్యలోంచి మా మరదలు గడప దగ్గర కనిపించింది. అప్పుడే పాలపొంగులా మా పదిమందికీ ఒక్కసారి నవ్వొచ్చింది. మనతో చెరకు కొట్టిన పిల్ల, మన వెనక వరసలో కూర్చున్న పిల్ల. మావాళ్ళందరూ లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. "వచ్చేసింది" అంది ఎవరో.

ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. అప్పుడు తెలిసింది, దాంతోపాటు వినిపించాల్సింది వినిపించడం లేదని.

నేను ఆపినా మిగతావాళ్ళు అంటున్నారులే అని మా పదిమందిలో ప్రతి ఒక్కరం అనుకున్నాం. ముసలాయన వేళ్ళు మాత్రం ఆగలేదు, పెట్టె పలుకుతూనే ఉంది. ఎంతసేపు? ఒక్క ఊపిరి. అంతే. వెంటనే నేను అందుకున్నాను, అందరూ అందుకున్నారు. బయట జేజేల్లో ఎవరికీ తెలియలేదు.

ఆమె ఒక చెప్పు విప్పి, రెండో చెప్పుతో గడప దగ్గరే నిలబడిపోయింది. వీధి మలుపు నుంచి మైకులో వింటూనే వచ్చిందట. లోపలికి వచ్చి నా పక్కన కూర్చుని చెవి దగ్గరగా వంగి, "వదినా, ఆగింది" అంది.

నేను నామం అంటూనే తల అడ్డంగా ఊపాను. లేదని.

దీపం నా ఎదురుగానే ఉంది. జీవితంలో నేను చెప్పిన అబద్ధాలు చాలానే ఉంటాయి. నోట్లో స్వామి పేరు ఉండగా, తలతో చెప్పినది మాత్రం అదొక్కటే.

ఆమె మళ్ళీ అడగలేదు. నా వైపు చూస్తూ గొంతు కలిపింది. ఆ గానుగ గొంతు నా పక్కన తిరుగుతుంటే నాలుగు సార్లు కూడా నామం అనలేకపోయాను. తాళాలు కింద పెట్టి, మైకు ముందుకి వెళ్ళి, "నామం ఆగిందమ్మా. ముందు ఆపింది నేనే. మనిషిని చూసి స్వామిని మర్చిపోయాను. ఇప్పుడు మొదటి నుంచి ఎత్తాలి" అన్నాను.

మా మామయ్య భోజనం దగ్గర్నుంచి చెయ్యి కడుక్కోకుండానే వచ్చాడు. "ఒక్క ఊపిరికి ఇంత రాద్ధాంతం ఏటే? దేవుడేటి గడియారం పట్టుకు కూకున్నాడా?"

"ఆయనకి అక్కర్లేదు మామయ్యా. మనకి కావాలి."

"మనకి కావాలి, సరే. పాడేవోళ్ళేరీ? బెల్లం వండేవోళ్ళు పెనాల కాడికి ఎళ్ళిపోనారు. పొద్దున్న పాడినోళ్ళు ఊళ్ళు సేరిపోయుంటారు. రాత్రి వంతులోళ్ళున్నా, రేపు పొద్దెక్కినకాడి నుంచి ఒంటిగంట దాకా ఎవులు మోత్తారు?"

ఉన్నవాళ్ళలో సగం మందికి గొంతులు పోయాయి. వంటవాడు రేపు పొద్దుటిదాకానే సరుకు తెచ్చుకున్నాడు. మందిరంలో ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. అన్నీ వదిలేసి ఇంటికి పోవాలనిపించింది.

అప్పుడు మా మరదలు లేచి, తనతో వచ్చిన మండల నాయకుడిని పిలిచింది. తెల్ల చొక్కా, మెడలో కండువా, జేజేలు మొదలెట్టింది ఆయనే. "నాతోటి ఎంతమంది వచ్చేరు?" అని అడిగింది.

"ఏబై మందికి తక్కువుండరు మేడం" అన్నాడు గొప్పగా.

"గొంతులు బాగున్నాయి కదా?"

"అయ్యో, ఊరు దద్దరిల్లిపోనాది కదా మేడం."

"అయితే జెండాలు బయట పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూకోండి. ఆరుగురేసి ఒక జట్టు. మా వదిన సెప్పినట్టు అనాల."

"మేడం, నాలుగింటికి టౌన్‌లో సన్మానం..."

"ఒద్దని సెప్పు. అక్కడున్నోళ్ళని కూడా ఇక్కడికి రమ్మను. దండలు అక్కర్నేదు, గొంతులు తెచ్చుకోమను."

ఆయన ఫోను పట్టుకుని బయటికి వెళ్ళాడు. ఎవరితోనో, "అవునన్నా, బజన. నిజమే సెప్తున్నాను. ఆరాలు తియ్యకండా బండెక్కు" అనడం అందరికీ వినిపించింది.

దీపంలో నూనె పోసి, ఒంటిగంటా నలభైకి మళ్ళీ నామం ఎత్తాను. మొదటి వంతు ఆమెదే. తర్వాత మూడున్నర నుంచి, వంతుకొచ్చే బృందాల గొంతులు రేపటికి మిగలాలని, కండువాలవాళ్ళు. వాళ్ళకి నామం నేర్పడం నా జన్మలో చేసిన చిత్రమైన పని. అనడం బాగానే అంటున్నారు, కానీ అన్నప్పుడల్లా పిడికిలి పైకి లేస్తోంది. మండల నాయకుడి చెయ్యి నేను రెండుసార్లు పట్టి కిందికి దించాను. మూడోసారి ఆయనే ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మా బృందంలో పెద్దావిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "నవ్వకు పెద్దమ్మా, మల్లీ ఆగిపోద్ది" అన్నాడు ఆయన రెండు నామాల మధ్య.

ఆమె ఆరున్నర దాకా కూర్చుంది. కారు ఎక్కే ముందు నా దగ్గరికి వచ్చింది. నామం అంటూనే నా చేతిలో తాళాలు పెట్టి, నేను అందుకున్నాకే పెదవులు మూసి వెళ్ళింది.

ఆ తర్వాత సంగతి ఇప్పటికీ నమ్మలేను. టౌన్ నుంచి రెండు వ్యాన్ల జనం వచ్చారు. సన్మానానికి తెచ్చిన ఫలహారాలన్నీ పట్టుకొచ్చారు. మైకులో వాళ్ళ అయోమయం విని బెల్లం వండేవాళ్ళు పెనాలు దించి, పొగ వాసన బట్టలతోనే వచ్చేశారు. గొలుగొండవాళ్ళు సగం దారిలో కబురు విని వెనక్కి తిరిగారు. ఆ ఎన్నికల్లో ఆమెకి వ్యతిరేకంగా పనిచేసిన జట్టు కూడా మా ఊళ్ళోనే ఉంది. వాళ్ళు తెల్లారే వంతు మాకివ్వండని అడిగి తీసుకున్నారు. కండువాలవాళ్ళ దగ్గర నుంచి వాళ్ళు నామం అందుకుంటుంటే నేను కళ్ళు తెరిచే ఉంచాను. ఒకరి గొంతులోకి ఒకరి గొంతు కలిసింది. ఎవరు ఎప్పుడు ఆపారో నాకే తెలియలేదు.

ఆదివారం ఒంటిగంటా నలభైకి నామం దింపాను. హారతి అయ్యాక మండల నాయకుడు నా దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయాడు. గొంతు రాలేదు. రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు. మా మామయ్య పక్కన నిలబడి, "సచ్చేడు, ఆర్నెల్లు జేజేలు ఉండవు" అన్నాడు, మెచ్చుకోలుగానే.

సాయంత్రం ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. ఆమె అడిగింది ఒక్కటే: "ఆగలేదు కదా?"

"ఆగలేదు."

అటువైపు గట్టిగా ఊపిరి వదిలింది. నేను అడగాలనుకున్నది అడిగేశాను. "నేను తల ఊపినప్పుడు అందరి ముందూ నువ్వే చెప్పెయ్యొచ్చు కదే. ఎందుకు ఊరుకున్నావు?"

"అది నీ వంతు వదినా. నాను సెప్తే మల్లీ ఎంపీ సెప్పింది అంటారు."

అక్కడ చలి ఎక్కువగా ఉందంది. రేపు సభలో తన సీటు వెనక వరసలో ఉంటుందట, చెబుతూ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "వచ్చే ఏడు నాను వత్తానని ఎవులికీ సెప్పకు. బస్సు మీదే వత్తాను" అంది.

"రాలేకపోతే?"

"అప్పుడు ముందు రోజే సెప్తాను. నా వంతు ఎవులికి ఇయ్యాలో నువ్వు సూసుకో. నా కోసం మాత్రం కాళీగా ఉంచకు."

సరేనన్నాను. పుస్తకం తీసి వచ్చే మాఘానికి వంతుల పట్టిక రాయడం మొదలెట్టాను. ఒంటిగంట దగ్గర ఆమె పేరు రాశాను. దాని కింద, ఆమె రాకపోతే అందుకోవడానికి, ఇంకొక పేరుకి చోటు వదిలాను. మర్నాడు ఉదయమే మా వీధిలో ఒక కొత్త కోడలు వచ్చి, నా భుజం మీదుగా పట్టిక చూసి, ఆ చోటు తనకి ఇస్తారా అని అడిగింది. గొంతు ఎలా ఉంటుందో నాకింకా తెలియదు. పేరు రాసుకున్నాను.